జారిన కర్ర

ప్రతి ఏడూ వానలు ముదిరే వేళకి మా క్లాసులోకి నైట్లు వస్తారు. నేను ఏలూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. మధ్యయుగపు యూరప్, అక్కడి దొరలు, ఆ దొరల కోసం ఇనప కవచాలు తొడుక్కుని గుర్రాలెక్కి యుద్ధానికి పోయే ఈ నైట్లనే వీరులు, ఇదీ పాఠం. పిల్లలకి ఇష్టమైన పాఠం. పోయినేడు గుర్రాల గురించి నేను ఊదరగొడుతుంటే మండవల్లి నుంచి వచ్చే ఒక పిల్ల లేచి, "మా కొల్లేట్లో గుర్రపుడెక్క తప్ప గుర్రం లేదండి మేడమ్" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మా చెరువులనూ కాలవలనూ కమ్మేసే ఆ కలుపుమొక్కకి అంత గొప్ప పేరు ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాడికి దండం పెట్టాలి.

నైటు కావడమంటే మాటలు కాదని చెబుతాను. పాలపళ్లు ఊడే వయసులో పిల్లవాణ్ణి దొర కోటలో వదిలేస్తారు. గిన్నెలు అందించడంతో మొదలుపెట్టి, గుర్రానికి మాలిష్ చేసి, కవచం తోమి, చివరికి ఒకనాడు దొర ముందు మోకాళ్ల మీద కూర్చుంటే ఆయన కత్తితో భుజం మీద తడతాడు. మన నేల మీద కూడా లెంకలని ఉండేవారు, ఏలికతోపాటే చస్తామని ఒట్టు పెట్టుకున్న బంట్లు. ఇవన్నీ చెప్పి, ఆ వీరుల నియమాల దగ్గరికి వస్తాను. పడినవాణ్ణి పొడవకూడదు. ఆయుధం జారినవాడి మీదికి పోకూడదు. సరిగ్గా అక్కడే ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు.

"నిజంగా పాటించేవాళ్లా మేడమ్?"

దీనికి నా దగ్గర పుస్తకం జవాబు ఒకటుంది. చాలామంది పాటించలేదు. దొరలు దొరల మీద చూపించుకున్న మర్యాద అది. కాలినడకన వచ్చిన కూలివాడికి ఆ దయ అందలేదు, వాడి చేను తగలబెట్టడానికి ఏ నియమమూ అడ్డు రాలేదు. రాసుకోండి, పరీక్షలో వస్తుంది అంటాను. ఇంకో జవాబు ఉంగుటూరు పక్కన మా ఊళ్లో, మా ఇంటి వరండాలో, నవారు మంచం మీద కూర్చుని ఉంటుంది. దాన్ని క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఆ జవాబు మా అన్నయ్య.

మా నాన్న కాలవ లస్కరు. పైనించి నీళ్లు వదిలినప్పుడు తలుపులెత్తడం, వంతు ప్రకారం పొలాలకి మళ్లించడం, గట్టు తెగితే గడ్డి కుక్కడం ఆయన పని. ఖాకీ నిక్కరు మోకాళ్ల దాకా ఎప్పుడూ తడిగానే ఉండేది. సాయంత్రం నీళ్ల పని అయ్యాక మా చర్చి వెనక ఖాళీ స్థలంలో ఊరి కుర్రాళ్లకి కర్రసాము నేర్పేవాడు. ఆయనకి వాళ్ల మేనమామ నేర్పాడట. క్రిస్మస్ ముందు నక్షత్రం ఊరేగింపులో డప్పుల ముందు నాన్న కర్ర తిప్పుతుంటే ఏ పేటవాళ్లయినా అరుగులు దిగి వచ్చి చూసేవారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒకాయన, దేవుని మందిరం పక్కన ఈ కర్రలేమిటని అభ్యంతరం పెట్టారు. నాన్న చేతులు కట్టుకుని, "గొర్రెల కాపరి చేతిలో కర్ర ఉంటదాండి, ఉండదాండి?" అన్నాడు. పాస్టరుగారు మళ్లీ ఎత్తలేదు ఆ మాట.

ఆడపిల్లలకి నేర్పేవాడు కాదు. అడిగితే, "నీకెందుకమ్మా, చదువుకో" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. చర్చి ప్రహరీ గోడ మీదెక్కి కూర్చుని రోజూ చూసేదాన్ని. చూసి చూసి, కర్ర ముట్టుకోకుండానే, ఏ అడుగు తర్వాత ఏ అడుగో నాకు నోటికొచ్చేసింది.

నాన్న నేర్పే సాములో అన్నిటికంటే కష్టమైంది దెబ్బ కొట్టడం కాదు. ఎదుటివాడి కర్ర జారిపోతే ఏం చెయ్యాలన్నది. జారగానే ఆట ఆగాలి. గెలిచినవాడు తన కర్ర పక్కన పడేసి, ముందుకెళ్లి, వంగి, నేల మీది కర్రని రెండు చేతులతో ఎత్తి, తల దించుకుని ఓడినవాడికి అందించాలి. వాడు తీసుకునే దాకా తలెత్తకూడదు. వాడు కర్ర తీసుకుని, వంగినవాడి నెత్తి మీద చెయ్యి పెట్టి "లే" అంటే అప్పుడు లేవాలి. మూడోవాడు మధ్యలో ఆ కర్ర ముట్టుకోవడానికి వీల్లేదు.

"గెలిచినోడి బుర్ర వంగాలి. లేపోతే అది నెత్తికెక్కి కూచుంటది" అనేవాడు నాన్న. ఎవడైనా ఒక క్షణం ఆగి, గుర్తు తెచ్చుకుని వంగితే ఊరుకునేవాడు కాదు. మళ్లీ మొదట్నుంచీ ఆడించేవాడు. "ఆలోచించుకుని వంగితే అది వంగడం కాదురా. కర్ర నేలని తగిలేసరికి నీ నడుం వంగిపోవాలి" అనేవాడు. అమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతూ, "వంచండి వంచండి, ముసలితనంలో ఎలాగూ వంగేవే కదా ఆ నడుములు" అని వెటకారం చేసేది.

అందరిలోకీ బాగా వంగేవాడు మా అన్నయ్యే. అందరిలోకీ బాగా గెలిచేవాడు కాబట్టి, వంగక తప్పేది కాదు.

అన్నయ్యకి చదువు అంటలేదు. ఇంటర్ తప్పాక తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో కొన్నాళ్లు బస్తాలు మోశాడు. ఆ మిల్లు తవుడు కొల్లేటి చేపల చెరువులకి మేతగా వెళ్లేది. ఆ లారీల వెంట వెళ్తూ వస్తూ, మండవల్లి అవతల ఒక చెరువు ఆసామి కంట్లో పడ్డాడు. సాము తెలిసినవాడని చెరువు కాపలాకి పెట్టుకున్నాడాయన. గట్టు మీద మకాం అని ఒక తాటాకు గుడిసె, చుట్టూ నీళ్లు, పొద్దున్నే చేపల మీద పడే గూడబాతుల్ని తరమడానికి నాలుగు టపాకాయలు. అన్నయ్యకి ఆ బతుకు నచ్చింది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఒంటికి చేపల వాసన, చేతిలో ఒక శీలావతి చేప. అప్పటికి నాకు ఏలూరులో ఉద్యోగం వచ్చింది. నా దగ్గరికీ తెచ్చేవాడు. "లెక్చరరుగారూ, చేప తోముతారా, అదీ మేమే తోమాలా?" అని ఏడిపించేవాడు.

ఒక మంచు తెల్లవారుజామున ఆ చెరువులోకి తాటి దోనెలో కొందరు వల వేసుకుని వచ్చారు. అన్నయ్య కేకేశాడు. ఒకడు కర్ర తీసుకుని గట్టెక్కాడు. మిగతా సంగతి మాకు ఆ రోజు తెలియదు. తవుడు బస్తాలు దింపడానికి వచ్చిన మనుషులు గట్టు మీద పడి ఉన్న అన్నయ్యని చూసి, ఏలూరు పెద్దాసుపత్రికి తెచ్చారు. కొట్టినవాళ్లెవరో తేలలేదు. కేసు కొన్నాళ్లు నడిచినట్టు నడిచి, దానంతటదే పడుకుంది.

అన్నయ్య బతికాడు. కుడి చెయ్యి బతకలేదు. భుజం నించి వేలాడే బరువు అయిపోయింది. మాట ఒక్కొక్కటే వెతుక్కుని తెచ్చుకునేవాడు. నన్నేడిపించిన ఆ నోరు మంచినీళ్లు అడగడానికి అంత సేపు పడుతుంటే నేను ఆసుపత్రి మెట్ల మీదకి పోయి ఏడ్చేదాన్ని.

దెబ్బ నడినెత్తికి కాస్త ఎడమగా పడిందని డాక్టరు చెప్పాడు. నాన్న ఆ మాట విని కదలకుండా నిలబడ్డాడు. మా అందరికీ అదొక గాయం. సాము తెలిసిన మనిషికి అదొక లెక్క తప్పడం. అన్నయ్య నాలుగు మాటలు కూడబలుక్కోవడం మొదలుపెట్టగానే, నొప్పి ఉందా అనో, తిన్నావా అనో అడగలేదు ఆయన. మంచం పక్కన బల్ల మీద కూర్చుని అడిగాడు.

"నిలబడున్న నా కొడుకు నడినెత్తి మీద కొట్టే మొనగాడు లేడు. ఎందుకొంగేవురా?"

అన్నయ్య పైకప్పు వైపు చూశాడు. "కాలు... జారింది నాన్నా. గట్టంతా బురద."

"బురదేనా?"

"బురదే."

నాన్న ముఖం తేటపడింది. దాన్ని నేను కళ్లారా చూశాను. కొడుకు చెయ్యి పోయినా సరే, బురద వల్ల పోయిందన్న మాట ఆయనకి ఊపిరి పోసింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇంటికి తీసుకెళ్లాక నాన్న ఒక పని మొదలుపెట్టాడు. చర్చి వెనక స్థలంలోకి కాలవ నీళ్లు తోడి పోయించి, చిత్తడి చిత్తడి చేసి, ఆ బురదలో కుర్రాళ్లకి సాము నేర్పడం. "పొడి నేల మీద ఎవడైనా నిలబడతాడు. నా కొడుక్కి ఇదే నేర్పలేకపోయేను" అనేవాడు. కుర్రాళ్లు ధబీ ధబీమని పడేవారు, ముక్కుల నిండా బురద. చర్చి మెట్ల మీద కూర్చుని అన్నయ్య చూసేవాడు. వాళ్లు పడ్డప్పుడల్లా నవ్వేవాడు. నవ్వు మాత్రం దెబ్బ తినలేదు వాడికి.

నిజం నాకు చెప్పింది ఒక సెలవు రోజున, నేను వాడికి చొక్కా బొత్తాలు పెడుతున్నప్పుడు. ఉన్నట్టుండి, "బురద లేదే" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మెల్లగా, తెంపు తెంపుగా చెప్పాడు. గట్టు ఎండిపోయి రాయిలా ఉంది. గట్టెక్కినవాడికి కర్ర పట్టుకోవడమే సరిగా రాదు. మొదటి దెబ్బకే వాడి చేతిలోంచి కర్ర ఎగిరి నేల మీద పడింది. పడిన చప్పుడు వినిపించింది. అంతే, అన్నయ్య తన కర్ర పడేసి వంగాడు. వాడి కర్ర రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"వాడి కాళ్లే చూస్తన్నాను. లే అంటాడనుకున్నాను" అన్నాడు.

వాడు దోనెలోంచి తెడ్డు అందుకున్నాడు.

నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. "నీకు బుద్ధుందా? దొంగ వాడు! సాము ఆడ్డానికి వచ్చేడా నీతో?" అని అరిచాను. బొత్తం ఊడి చేతికొచ్చింది. నా కోపం తన మీద కాదని అన్నయ్యకి తెలుసు. ఆ నియమం మీద, దాన్ని ఎముకల్లోకి ఎక్కించిన మనిషి మీద. ఏ నియమమైనా ఇద్దరికీ తెలిసినంత వరకే నియమం. ఒక్కడికే తెలిస్తే అది వాడి మెడ చుట్టూ తాడు. ఇంత చిన్న సంగతి నాన్నకి ఎందుకు తట్టలేదు?

"నాన్నకి చెప్పకు. ఆయన దగ్గర... ఇంకేం ఉందే?" అన్నాడు అన్నయ్య.

ఏం ఉంది, నిజమే. లస్కరు ఉద్యోగం అయిపోయింది. అమ్మ ఆ తర్వాత ఎంతో కాలం లేదు. మిగిలినవి బురద పూసుకున్న కుర్రాళ్లు, అటక మీద నూనె పట్టించిన కర్రలు. నేను చెప్పలేదు.

నాన్న ముసలివాడయ్యాడు. అటక మీంచి ఒక సాము కర్ర దింపించి, పొట్టిగా కోయించుకుని, ఊతకర్ర చేసుకున్నాడు. ఒక ఆదివారం నేను ఊరెళ్లాను. చర్చి అయ్యాక భోజనాలు చేసి ముగ్గురం వరండాలో కూర్చున్నాం. ఈసారి కాలవకి నీళ్లు ఎప్పుడు వదులుతారో నాన్న చెబుతున్నాడు. చెబుతూ లేవబోయాడు, చేతిలో కర్ర జారి సిమెంటు గచ్చు మీద పడింది.

ఆ చప్పుడుకి అన్నయ్య లేచాడు. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు నడుం వంచాడో నేను చూడలేదు, అంత వేగంగా. ఎడమ చేత్తో కర్ర ఎత్తాడు. కర్రని మోకాలికి ఆనించి, ఆ ఎడమ చేత్తోనే వేలాడుతున్న కుడి చేతిని తెచ్చి కర్ర కింద పెట్టుకున్నాడు. రెండు చేతులూ అయ్యాయి. తల దించి నాన్న ముందు పట్టుకున్నాడు. నడినెత్తి మీద ఆ పాత దెబ్బ గుంట, జుట్టు మొలవని చోటు, సరిగ్గా నాన్న కళ్ల ముందుకి వచ్చింది.

నాన్న దాన్ని చూస్తూ ఉండిపోయాడు. అన్నయ్య దించిన తల ఎత్తలేదు.

"ఆ రోజూ ఇలాగేనేంట్రా?" అన్నాడు నాన్న.

అన్నయ్య కర్రని ఇంకాస్త ముందుకు చాపాడు.

"బురద కాదన్నమాట."

"కర్ర తీసుకో నాన్నా" అన్నాడు అన్నయ్య నేల వైపు చూస్తూ. "చెయ్యి లాగేస్తంది."

నాన్న తీసుకోలేదు. చెయ్యి ముందుకు వచ్చింది, మధ్యలో ఆగింది. తర్వాత అటు తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. అన్నయ్య అలాగే వంగి ఉన్నాడు. "లే అన్నయ్యా, చాల్లే" అన్నాను. "ఆయన తీసుకోలేదు కదే" అన్నాడు. నేను ముట్టుకోవడానికి వీల్లేదు. చివరికి ఆ కుడి చెయ్యి తన బరువుకి తానే జారిపోయింది. కర్ర మళ్లీ కింద పడింది. అన్నయ్య దాని పక్కనే గచ్చు మీద చతికిలబడ్డాడు.

ఆ రోజు నించి నాన్న కర్ర పట్టుకోలేదు. గోడలు పట్టుకునే నడిచేవాడు. మా ఇంటి సున్నం గోడల మీద నడుమెత్తున ఆయన చేతి మరకలు బారుగా ఉండేవి. సాము మానేశాడు. కుర్రాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి, "గురువుగారూ, నీళ్లు పొయ్యమంటారాండి?" అని అడిగితే, "వద్దు నాన్నా, ఇళ్లకి పోండి" అన్నాడు. అన్నయ్యతో మాటలు మానలేదు. అన్నం తిన్నావా అంటాడు, క్రికెట్ చూస్తాడు, ఎండలు మండుతున్నాయంటాడు. ఆ ఒక్క విషయమే వాళ్ల మధ్యకి రాలేదు. కర్ర మూలన నిలబడి ఉండేది. నేను వెళ్లిన ప్రతిసారీ ముందు ఆ మూలకేసి చూసేదాన్ని, ఏమైనా జరిగిందేమోనని. ఏమీ జరిగేది కాదు. ఈయన ఒక్కసారి ఆ కర్ర అందుకుంటే వాడు నిటారుగా నిలబడతాడు కదా, అంత బరువా అది, అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఒకసారి మాత్రం నాన్న నాతో అన్నాడు. "నిలబడ్డం బాగానే నేర్పేను గదమ్మా. ఆ వంగడం ఎందుకు నేర్పేను?" నేను చరిత్ర చదువుకున్నదాన్ని. వీరధర్మం గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగలను. ఆ పూట లేచి వెళ్లి ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

కాలవలు కట్టేసే ఎండాకాలంలో నాన్న పోయాడు. కాలవలో చుక్క నీరు లేదు, అడుగున బురద కూడా పెచ్చులు పెచ్చులుగా ఎండిపోయింది. పెట్టెని చర్చి ఆవరణలో దించి, మూత వేసే ముందు ఆఖరి చూపుకి అందరూ వరస కట్టారు. ఒకప్పుడు బురదలో పడి లేచిన కుర్రాళ్లు ఇప్పుడు పెళ్లాం బిడ్డలతో వచ్చి నిలబడ్డారు. చివర్న అన్నయ్య వచ్చాడు. ఎడమ చేతిలో ఆ ఊతకర్ర ఉంది. పెట్టెలో పెట్టడానికి తెచ్చాడనుకున్నాం అందరం.

అన్నయ్య పెట్టె ముందు వంగాడు. కుడి చెయ్యి తెచ్చి కర్ర కింద పెట్టుకున్నాడు. తల దించాడు.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగారు. మేకులు పట్టుకున్న వడ్రంగి నా వైపు చూశాడు. సాము నేర్చినవాళ్లెవరూ కదల్లేదు, వాళ్లకి తెలుసు కాబట్టి. అందుకోవలసినవాడు ఒక్కడే, ఆయన అందుకోడు. అన్నయ్య కుడి చెయ్యి కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది. మళ్లీ జారిపోతుంది, ఇంతమందిలో, ఆయన ముందే. నాకది చూసే ఓపిక లేకపోయింది.

నేను ముందుకెళ్లి రెండు చేతులతో ఆ కర్ర తీసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక సాము కర్ర పట్టుకోవడం అదే మొదలు. నాన్న అరచేత్తో పట్టీ పట్టీ నున్నగా అయిపోయి ఉంది. అన్నయ్య నెత్తి మీద చెయ్యి పెట్టాను. నా అరచేతి కింద ఆ గుంట తగిలింది. "లే అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య లేచాడు. పెట్టెలోకి చూడలేదు, నా ముఖంలోకి చూశాడు.

"నాన్న తీసుకున్నట్టేనంటావా?"

"తీసుకున్నట్టే."

వాడి ముఖం తేటపడింది. ఆసుపత్రిలో బురద అని విన్నప్పుడు నాన్న ముఖం ఎలా తేటపడిందో అలాగే. ఇంకో నాలుగు రోజులు బతికి ఉంటే ఆయన ఆ కర్ర తీసుకునేవాడో లేదో నాకు తెలియదు. వాడికి ఆ సంగతి చెప్పను.